ఊపని కప్పు

మొన్న మస్కట్‌లో మా ఇంట్లో యాలకులు వేసి ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, కాచి ఇస్తే, నాన్న ఆ వాసనకే కప్పు పక్కకు జరిపాడు. "నాకది ఎప్పుడూ పడదమ్మా" అన్నాడు. నాకు అల్ ఖౌద్‌లో ఆయన పాత ఆఫీసు గుర్తొచ్చింది.

అక్కడి యూనివర్సిటీలో నాన్న ఫిజిక్స్ చెప్పేవాడు. బడి అయ్యాక నన్ను ల్యాబ్‌కు తీసుకెళ్లి లోలకం ఊపనిచ్చేవాడు. డీన్ అయ్యాక పాఠాలు మాని పొద్దస్తమానం ఆఫీసు సోఫాలో అతిథులతో ఖహ్వా తాగుతూ ఉండేవాడు. ఒమన్‌లో చాలనుకుంటే ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. నాన్న ఊపేవాడు కాదు. అంత ఇష్టమేమో అనుకుని గుమ్మం దగ్గర కాచుకునేదాన్ని.

"ల్యాబ్‌కెప్పుడు నాన్నా?"

"ఈ మీటింగ్ అవనీ తల్లీ."

"మరి అప్పుడు కప్పెందుకు ఊపలేదు?" అని ఇన్నాళ్లకు అడిగాను.

"ఊపితే మీటింగ్ అయిపోయేది. నువ్వు ల్యాబ్‌కు పద అనేదానివి. ల్యాబ్ తాళంచెవి నేను డీన్ అయిన రోజే తీసేసుకున్నారమ్మా."