మంగళవారం సీసాల నంబర్లు

మారేడ్‌పల్లిలోని ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్లుగా రిసెప్షన్, కంప్యూటర్ రెండూ నావే. ఆపరేషన్లలో తీసిన గడ్డల ముక్కలు పరీక్షకు సీసాల్లో వస్తాయి. పేషెంటు పేరు కొట్టగానే కంప్యూటరు తనంతట తానే తర్వాతి నంబరు ఇస్తుంది. అదే సీసా మీద రాస్తాను, అదే చీటీ మీద రాసి పేషెంటు చేతిలో పెడతాను. ఆ తర్వాత లోపల పేరు ఎవరూ చూడరు.

ఒక బుధవారం పొద్దున కంప్యూటరు మొరాయించింది. సర్వీసు అతను వచ్చి డిస్కు మార్చి, సోమవారం సాయంత్రం తీసిన బ్యాకప్ ఎక్కించాడు. అంతా వచ్చేసింది, పని షురూ చేసుకోమని చేతులు దులుపుకున్నాడు.

మొదట వచ్చింది తిరుమలగిరి నుంచి ఒక జవాను భార్య. మెడ మీద పులిపిరి తీయించుకుందట. పేరు కొడితే 8413 వచ్చింది. ఆ నంబరు ముందురోజు నేనే రాశాను, రెజిమెంటల్ బజార్ టీచరమ్మ సీసా మీద. ఆమెది రొమ్ములో గడ్డ నుంచి తీసిన చిన్న ముక్క. మంగళవారం ఎంట్రీలన్నీ పోయాయి కాబట్టి కంప్యూటరుకు ఆమె సంగతే తెలియదు. సీసా మాత్రం లోపల ట్రేలో ఉంది.

ఎంట్రీ ఆపేశాను. బయట జనం గొణుగుతున్నారు. ఎంతసేపని మా డాక్టరమ్మ విసుక్కుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

“ఒకే నంబరు మీద రెండు సీసాలుంటే ఎవరి రిపోర్టు ఎవరికి పోతదో మీరే చెప్పుండ్రి మేడం,” అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ట్రేలో సీసాలన్నీ చూశాను. అన్నిటికన్నా పెద్ద నంబరు 8441. కొత్తవాళ్లకు దాని తర్వాతి నంబరు నుంచే ఇవ్వాలని, మంగళవారం వాళ్లను వాళ్ల నంబర్లతోనే ఎక్కించాలని, వెళ్లబోతున్న సర్వీసు అతన్ని ఆపి చెప్పాను.

“అది ఆటో నంబర్ మేడం, మనం చేత్తో కొడితే తీస్కోదు.”

“అయితే జెరసేపు ఆ ఆటో బంద్ పెట్టుండ్రి.”

అలా కుదరదంటూనే వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాడు. కుదురుతుందట. సీసాలతో వచ్చినప్పుడే నేను నంబరు వేసి పెట్టుకున్న డాక్టర్ల ఉత్తరాలు ముందేసుకుని, ఒక్కొక్కరినీ పాత నంబరుతో ఎక్కించి, సీసాతో సరిచూసుకునేసరికి మూడయింది. ఈలోపు జనంతో తిట్లు బాగానే తిన్నాను.

శుక్రవారం రిపోర్టులు వచ్చాయి. జవాను భార్యది ఉత్త పులిపిరే. టీచరమ్మది క్యాన్సర్. ఆ కవరు నేనే ఆమె చేతికిచ్చాను. నంబరు తారుమారై ఉంటే ఆమె ఏమీ లేదనుకుని ఇంటికెళ్లి హాయిగా కూర్చునేది. ఆపరేషన్ త్వరగానే అయింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి పరీక్షకు తనే నడిచి వస్తుంది.

చెడ్డ కబురు సరైన మనిషికి చేర్చానని గర్వపడేదాన్ని ఈ ఊళ్లో నేనొక్కదాన్నేనేమో.