తోలు సీటు

ఆ ముసలి రేసుగాళ్లంటే మెకానిక్ ఎలీజాకి రోత. ఆదివారం ప్రార్థన ముగియగానే ముగ్గురూ రంగూన్ పజుండౌంగ్ పేటలోని అతని షెడ్డులో దిగబడేవారు. పెట్రోలు రేషను కాబట్టి ఆ షెడ్డులోనే ఉంచిన తమ పైకప్పులేని పాత రేసుకారుని బయటికి తీసేవారు కాదు. ఎలీజా హ్యాండిల్ తిప్పి ఇంజను ఉరిమిస్తే, ఆ పొగ పీలుస్తూ, దొరల కాలంనాటి పందాలు తలుచుకుని లొట్టలేసేవారు. "ఇలాంటి తోలు ఇప్పుడు దొరకదు" అంటూ సీటు నిమిరేవారు. ఆ తోలుకి వారం వారం నూనె రాసేది మాత్రం ఎలీజానే.

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, సైనిక పాలన మీది తిరుగుబాటులో ఒక ఆదివారం వీధిలో కాల్పులు జరిగాయి. పక్కింటి ఫెయిత్, నెత్తురోడుతున్న అన్న జోనాథన్‌ని భుజాన వేసుకుని షెడ్డులోకొచ్చింది. "ఏటి సూస్తన్నావ్ బాబాయ్, బండి తియ్యి! ఆస్పత్రికెళ్లాల!" ముసలాళ్లు నోరు విప్పకముందే ఎలీజా కుడిచెయ్యి గబుక్కున టార్పాలిన్ పట్టా లాగి సీటుని కప్పేసింది. ఫెయిత్ ఆ చేతివైపు ఒక్కసారి చూసి, అన్నని మోసుకుంటూనే సైకిల్ రిక్షా కోసం బయటికి నడిచింది. జోనాథన్ దారిలోనే పోయాడు.

"కుడిసేతికేటయిందయ్యా?" అని భార్య ఇప్పటికీ అడుగుతుంది. ఎలీజా ఎడమచేత్తోనే అన్నం కలుపుకుంటాడు.