చాచిన చేతుల బొమ్మ

మా అత్తయ్యను నెల రోజులు మాట్లాడొద్దని డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ తల పక్కకు తిప్పుకున్నాను. స్వరపేటిక మీద పెరిగిన చిన్న కాయను తీసేశారు, ప్రమాదమేమీ లేదన్నారు. కానీ పాత గొంతు వస్తుందో రాదో నెల తర్వాత చూస్తే తప్ప చెప్పలేమన్నారు. ఆ మాటతో మా నవ్వు ఆగిపోయింది. భీమవరం దగ్గరి పల్లె నుంచి మేడ్చల్‌లోని ఈ కాలనీకి వచ్చినప్పుడు ఆవిడకి ఇక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. వీధి చివరి ఇంటిదాకా అందరినీ పరిచయం చేసుకున్నది ఆ గొంతుతోనే.

ఫోన్లో తెలుగు కొట్టడం ఆవిడకు విసుగు. ముందు కళ్లజోడు వెతుక్కోవాలి, తర్వాత అక్షరం వెతుక్కోవాలి. అందుకని ఎమోజీల్లోని చేతుల బొమ్మలు పట్టుకుంది. మొదటిరోజు నేను క్యాబ్‌లో తుర్కపల్లిలోని మా ల్యాబుకి వెళ్తుంటే ఎత్తిన అరచెయ్యి బొమ్మ పంపింది. ఆగమంటోందనుకుని, గ్యాస్ కట్టేయలేదేమోనని హడలిపోయి ఫోన్ చేశాను. ఎత్తింది. ఎత్తితే మాత్రం, మాట్లాడదు కదా! సాయంత్రం ఇంటికెళ్లాక దేవుడి గదిలో పటం దగ్గరికి తీసుకెళ్లి అమ్మవారు ఎత్తిన చేతిని చూపించింది. అది అభయహస్తమట. క్షేమంగా వెళ్లి రమ్మని దీవించిందట.

నేను సరేనని బొటనవేలు పంపితే మూతి ముడిచేది. వాళ్ల ఊళ్లో బొటనవేలు ఆడించడమంటే నీకేం లేదు పొమ్మని వెక్కిరించడం. ఇక దండం బొమ్మతో పెద్ద పేచీ వచ్చింది. విదేశం నుంచి మా ల్యాబుతో కలిసి పనిచేసే పెద్దాయన ఒకరు మా గ్రూపులో ప్రతి చిన్న పనికీ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. అది చూసి అత్తయ్య తన తెల్లజుట్టునీ నా నల్లజుట్టునీ మార్చి మార్చి చూపించి, తల అడ్డంగా ఊపింది. పెద్దవాళ్లు దండం పెడితే చిన్నవాళ్లకి ఆయుక్షీణమని ఆవిడ నమ్మకం. "ఆయన ఉద్దేశం థాంక్స్ అని అత్తయ్యా" అన్నాను. అయితే నీ ఆయుష్షు మాటేమిటి అన్నట్టు చూసింది.

ఆవిడ మౌనంతో మాకంటే ఎక్కువ దిగులుపడింది మా పాలామె. రావల్కోల్ నుంచి మోపెడ్ మీద క్యాన్లు వేసుకుని వస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఉర్దూ, మాతో తెలుగు. అత్తయ్యకీ ఆమెకీ గేటు దగ్గర రోజూ పాల మీద తగువే. "ఈ పాలల్లో చేపలు పెంచొచ్చు అమ్మాయ్" అని ఈవిడ అనేది. "మా బర్రెను నీళ్లు తాగొద్దని జెప్పమంటవా పెద్దమ్మా" అని ఆమె అనేది. ఆ తగువు లేకపోతే ఇద్దరికీ తెల్లవారనట్టే ఉండేది.

ఆపరేషన్ తర్వాత మొదటిరోజు పాలు పోసి, పాలామె అత్తయ్య నంబరు నన్నడిగి తీసుకుంది. మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఫోన్‌కి ఆమె దగ్గర్నుంచి ఒక బొమ్మ వచ్చింది. రెండు అరచేతులు పక్కపక్కనే, పైకి తెరిచి, ముందుకు చాచి ఉన్నాయి. అత్తయ్య ఫోన్ నా మొహం ముందు పెట్టి, తనూ చేతులు అలాగే చాచి, కనుబొమలు ఎగరేసింది. ఏమడుగుతోంది అని. నాకూ అలాగే తోచింది. మా వైపు అలా చేతులు చాచడమంటే ప్రసాదానికైనా, ఆకలికైనా. అడగలేక బొమ్మ పంపిందని అత్తయ్యకి ప్రాణం ఉసూరుమంది. వెంటనే చింతపండు నానేసి, పులిహోర కలిపి, స్టీలు గిన్నె నిండా పెట్టి ఇచ్చింది.

గిన్నె మర్నాడు గట్టి పెరుగుతో తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదన్న పట్టింపు ఆమెకీ ఉంది. ఆ పొద్దున కూడా చేతుల బొమ్మ వచ్చింది. ఈసారి గోంగూర పచ్చడి వెళ్లింది, మీగడ వచ్చింది. మళ్లీ బొమ్మ, మళ్లీ వంట. అడిగినప్పుడల్లా పెట్టడమే తప్ప, ఇంత తిండి ఏం చేసుకుంటోందన్న అనుమానం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. పని దొరికిందని అత్తయ్య మొహం కూడా కాస్త తేటపడింది.

ఒక ఆదివారం నేనే గేటు దగ్గరికి వెళ్లి, "ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకు అక్కా, రోజూ బొమ్మ పెడుతున్నావు కదా" అన్నాను.

ఆమె బిత్తరపోయింది. "నాకేం గావాలె చెల్లె? అగో, గది దువా! పొద్దుగాల నమాజ్ కాంగనే పెద్దమ్మ గొంతు మంచిగ గావాలెనని అల్లాను అడుగుతున్న. అడిగిన అని పెద్దమ్మకు ఎరుక గావాలె గదా, గందుకే పంపుతున్న. మరి గీ గిన్నెలేంది? పెద్దమ్మ ఏదో మొక్కుకున్నది, అందరికీ పంచుతాంది అనుకున్న."

నవ్వబోయి నవ్వలేకపోయాను. అడుక్కుంటోందనుకున్న చేతులు మా కోసం అడుగుతున్నాయి.

లోపలికి వెళ్లి చెప్తే అత్తయ్య వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఫోన్ తీసుకుంది. వేలు దండం బొమ్మ దాకా వెళ్లి ఆగింది. పాలామె తనకంటే చాలా చిన్నది, దండం పెట్టకూడదు. అభయహస్తం పెడితే పైనుంచి దీవించినట్టు ఉంటుంది. బొటనవేలు సరేసరి. అన్ని చేతులున్న ఆ ఫోన్లో ఆవిడ కృతజ్ఞతకు ఒక్క చెయ్యీ దొరకలేదు. చివరికి ఫోన్ పక్కన పడేసి, సున్నుండలకు మినుములు వేయించడానికి లేచింది.

నెల తిరిగాక డాక్టరు మాట్లాడించాడు. వచ్చింది పాత గొంతు కాదు. చినిగిన గుడ్డను లాగినట్టు బొంగురుగా, అక్కడక్కడ గాలిగా వచ్చింది. ఇంకాస్త మెరుగవచ్చు గానీ మునుపటిలా రాదన్నారు. కారులో అత్తయ్య చప్పుడు లేకుండా ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాకూ ఏడుపు వచ్చింది. ఆ గొంతు నన్ను ఎన్ని సాధింపులు సాధించిందో! అయినా అదే కావాలనిపించింది.

ఆ తర్వాత ఆవిడ అసలు నోరు తెరవడం మానేసింది. మాట్లాడొచ్చని డాక్టరు చెప్పినా బొమ్మలే పంపేది. పక్కింటివాళ్లు పలకరిస్తే మెడ పట్టుకుని చూపించి తప్పించుకునేది. గేటు దగ్గర పాలు పోయించుకుని, తలూపి వచ్చేసేది. ఈవిడ ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం వేసింది.

ఒకరోజు పాలామె ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయట, మేడ్చల్‌లో ఆసుపత్రిలో చేర్చారట. "బిడ్డ అడ్డం తిరిగిందంట పెద్దమ్మా. మస్తు పరేషాన్‌గున్నది. జల్దీ వోవాలె" అని గబగబా పాలు పోసింది.

అత్తయ్య పాలగిన్నె నా చేతిలో పెట్టింది. కొంగు సర్దుకుని, రెండు అరచేతులూ తెరిచి, అచ్చం ఆ బొమ్మలాగే ఆమె ముందు చాచింది. డాక్టరు దగ్గర తప్ప ఎక్కడా వినిపించని ఆ బొంగురు గొంతుతో, "నేను అడుగుతాను అమ్మాయ్. మా దేవుణ్ణీ అడుగుతాను, మీ దేవుణ్ణీ అడుగుతాను. నువ్వు వెళ్లు" అంది.

పాలామె ఆ చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. మోపెడ్ ఎక్కి వెళ్లిపోయింది.

ఆ పూటంతా అత్తయ్య ఫోన్ ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. సాయంత్రానికి తెరిచిన చేతుల బొమ్మ వచ్చింది, దాని పక్కన చిన్న పాప బొమ్మ. తల్లీ పిల్లా క్షేమం.

మర్నాడు పాలామె క్యాన్లతో పాటు మూతపెట్టిన స్టీలు గిన్నె కూడా తెచ్చింది. "నిన్న నువ్వు చేతులు చాచినవ్ గదా పెద్దమ్మా, మరి నేను గిన్నె ఇయ్యాలె గదా" అంటూ చేతిలో పెట్టింది. నిండా సేమియా పాయసం. అత్తయ్య గిన్నె పుచ్చుకుని, పాలలోకి తొంగిచూసి, బొంగురు గొంతు ఎంత పైకి లేస్తే అంత పైకి లేపింది.

"మనవరాలు పుట్టిన సంతోషంలో ఇన్ని నీళ్లు పోశావేంటి అమ్మాయ్?"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పాలామె గేటు పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.