పదహారో నంబరు ఈగ

ఎనిమిదేళ్ల కిందట, రంజాన్ అయిన మరుసటి వారం, దోహాలోని ఉమ్ ఘువైలినాలో చేపల గాలాలమ్మే దుకాణంలో ఈగలు కట్టే పనికి చేరాను. చదువు మూడో తరగతి. నిజామాబాద్ వైపు పాతికేళ్లు బీడీలు చుట్టిన వేళ్లు నావి. ఆ వేళ్లను చూసే మా జిల్లావాడైన మేనేజర్ ఖాజా నెల రోజుల ట్రయల్ మీద పెట్టుకున్నాడు. పని కుదరకపోతే ఇంటికి టికెట్టే.

ట్రౌట్ చల్లని ఏటి నీళ్లలో బతికే చేప. నీటిమీద వాలే పురుగులను తింటుంది. అలాంటి పురుగులా కనిపించేలా కోడిమెడ ఈకను దారంతో గాలానికి కట్టాలి. దాన్నే ఈగ అంటారు. ఖతర్‌లో ఆ చేప లేదు. ఎండాకాలం చల్లటి దేశాలకు వెళ్లేవాళ్లు మా దగ్గర కట్టించుకునేవారు. గాలానికి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పన్నెండు పెద్దది, పదహారు చిన్నది.

నా మొదటి ఆర్డరు ఒక ఖతరీ పెద్దాయనది. పదహారో నంబరు, నాలుగు డజన్లు. మూడో రోజున ఆయన ప్రయాణం. కట్టి ముందు పెడితే ఒకటి తీసి చూసి, "కబీర్" అన్నాడు. పెద్దగా ఉందని. గాలాల డబ్బా చూపించాను. పదహారే. ఆయన జేబులోంచి చిన్న సీసా తీశాడు. నిరుడు తాను వెళ్లిన ఏటి దగ్గర పట్టిన పురుగు అందులో ఉంది.

"గాలం సరిగ్గనే ఉందవ్వా, ఈకనే పొడుగైంది. దీన్ని చేప తింటదా? జూసి ఉరుకుతది!" అన్నాడు ఖాజా.

"పెద్ద ఈకలు మస్తుగ మిగిలినయ్. పారేస్తమా?" అన్నాను.

"పెద్ద నంబర్లకు పనికొస్తయ్. లేకుంటే చెవులకు కమ్మలు జేసుకో!"

బీడీల దగ్గర ఆకు ముక్క వృథా అయితే తిట్లు తిన్న అలవాటు నాది. అందుకే పెద్ద ఈకలనే ముందు వాడేశాను.

పెద్దాయన ఏమీ కోప్పడలేదు. గాజు గ్లాసులో నీళ్లు తెప్పించి, నా ఈగనూ ఆ పురుగునూ పైన తేలేసి, గ్లాసును నా కంటికంటే ఎత్తుగా పట్టుకున్నాడు. చేప చూసేది కిందినుంచే కదా. అక్కడినుంచి నా ఈగ పురుగుకు రెండింతలుంది.

నలభై ఎనిమిదింటినీ బ్లేడుతో విప్పి, గాలాలు దాచి, మళ్లీ మొదలుపెట్టాను. గాలం మొనకూ కాడకూ మధ్య ఎంత ఎడముంటుందో, ఈక పోగు దానికి ఒకటిన్నర రెట్లుండాలని ఖాజా చెప్పాడు. తునికాకు కోయడానికి రేకు పెట్టుకున్నట్టే డబ్బా మూతతో ఒక కొలత రేకు చేసుకున్నాను. ప్రతి ఈకనూ దానిమీద పెట్టి చూశాకే కట్టాను. పెద్దవాటిని పన్నెండో నంబరు డబ్బాలో వేశాను.

ప్రయాణం రోజు పొద్దున పెద్దాయన వచ్చి, మళ్లీ గ్లాసు ఎత్తి చూశాడు. "తమామ్" అన్నాడు, అంతా సరిగ్గా ఉందని. డబ్బా జేబులో వేసుకున్నాడు. ట్రయల్ అయిపోయింది, పని ఖాయమని ఖాజా ఆ రోజే చెప్పాడు.

గాలం నంబరు డబ్బా మీద రాసుంటుంది. ఈగ సైజు మాత్రం చేప ఉన్న వైపునుంచి చూస్తేనే తెలుస్తుంది. పని మానేదాకా అలాగే చూసి కట్టాను. సైజు తప్పిందని మరొక్కటి తిరిగి రాలేదు.