కట్టెల కొట్టు వెనక వాననీళ్ళు

మా పెండ్లయిన ఏడో ఏడు, క్రిస్మస్ సెలవులకు మేమిద్దరం సింహళదీవికి పోయినాము. ఆ కాలంలో కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెల నుంచి సెలవులకని ఎవరూ యాడికీ పోయేవాళ్ళు కారు. కరువొస్తే కూలికి పోయేవాళ్ళు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోయేవాళ్ళు. ఊరికే తిని తిరిగి రావడానికి సముద్రం దాటుతాండారంటే మా అత్త రెండు దినాలు అన్నం ముందర కూర్చుని ముక్కు చీదింది. పెండ్లాన్ని తోడుకొని షికారు పోతాడంట అయివారు, అని వాడంతా నవ్వినారు. నవ్వితే నవ్వనీ, నాకేం పోయింది అనుకుంటి.

మా ఆయన మిషను బడిలో అయివారు. ఆయన అక్క, అంటే మా వదిన, పెండ్లయినప్పటి నుంచి ఆ దీవిలోనే ఉండేది. వదిన మొగుడు అక్కడొక కొబ్బరితోటలో కాంపౌండరు. నేను ఆయన్ను అన్నా అంటాను. తోటలో కూలిచేసే మన తెలుగువాళ్ళ పిల్లలకు బడి పెట్టాలని తోట దొర అనుకుంటాండాడంట. సెలవుల్లో వస్తే మీరు ఊరు చూసినట్టూ ఉంటాది, దొర మిమ్మల్ని చూసినట్టూ ఉంటాది, కొత్త సంవత్సరం దాటినాక ఆయన మాట చెప్తాడు అని అన్న జాబు రాసినాడు. మా ఆయన ఆ జాబు చదివి వినిపిస్తాంటేనే నేను మనసులో మూట కట్టేసుకుంటి. సెలవులూ లేదు పాడూ లేదు, నేను అక్కడే ఉండిపోవాల.

ఎందుకంటే నీళ్ళు. మా పల్లెలో బాయి ఉండేది గానీ మా వాడవాళ్ళను దాని దరికి రానిచ్చేవాళ్ళు కాదు. ప్రభువును నమ్ముకున్నా, బడిలో అయివారైనా, బాయి కాడ మాత్రం పాత కులమే. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకోవడమే మాకు గతి. గుంత తవ్వి, అడుగున నీళ్ళు ఊరేదాకా గొంతుకూర్చుని, టెంకాయ చిప్పతో ముంచి ముంచి కడవలో పోసుకోవాల. ఎండాకాలం ఒక్క కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. మొగం కడిగిన నీళ్ళు బర్రెకు, బియ్యం కడిగిన నీళ్ళు కుడితికి, కాళ్ళు కడిగిన నీళ్ళు మునగచెట్టుకు. ఒక చెంబు ఒలికితే మా అత్త కొంప మునిగినట్టు అరిచేది. నేనేం తక్కువదాన్ని కాదులే. చెలమ కాడ నా వంతు దాటిపోయినదాని జుట్టు పట్టుకొని ఇసుకలో ఈడ్చినదాన్ని. నా నోటికి వాడంతా జడిసేది.

మరి ఉండిపోవాలని ఉందని మా ఆయనకు చెప్పినానా అంటే, చెప్పలేదు. నేను చెప్పి ఆయన ఒప్పుకుంటే, మొగుని చెవిలో ఊది కొడుకును సముద్రం దాటించింది అని మా అత్త నేను బతికినన్నాళ్ళూ అంటాది. ఆయనంతట ఆయన ఉంటానంటే నా మీద మాట రాదు. అందుకని ఆ ఒక్క విషయంలో నోరు కట్టేసుకుంటి. అది శానా తెలివి అనుకుంటి.

నంద్యాలలో రైలెక్కి, గుంతకల్లులో మారి, మద్రాసులో మళ్ళా మారి, ధనుష్కోటి కాడ ఓడెక్కినాము. ఎక్కేముందు డాక్టరొకాయన మా కళ్ళూ నాలుకలూ చూసి చీటీ ఇచ్చినాడు. ఓడలో ఉన్నది రెండు మూడు గంటలే. అంతసేపూ నేను కక్కుతానే ఉంటి. మా ఆయన నా వీపు నిమురుతా, పదిమందిలో సిగ్గుపడతా, నా వీపు మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. అవతల దిగినాక ఇంకొక రైలు, ఆ తర్వాత ఎద్దులబండి.

వదినోళ్ళ ఇల్లు తోట అంచున ఉండాది. వాకిట్లో నిలబడితే సముద్రం వినపడతాది. మేము పోయిన దినం మధ్యాన్నమే వాన కొట్టింది. మా దిక్కు వానొస్తే ఊరంతా బయటికొచ్చి ఆకాశం చూస్తాము. ఇక్కడ మా వదిన తలెత్తను కూడా ఎత్తలేదు. గంటసేపు ధారగా పడి ఆగిపోయింది, మళ్ళా ఎండ. వదిన పప్పు కడిగిన నీళ్ళు వాకిట్లోకి విసిరేసింది.

"అయ్యో వదినా, పారబోస్తివి కదే!" అంటి.

"ఈడ నీళ్ళకేం తక్కువ పిల్లా. ఇంటెనక బాయి చూడు, చెయ్యి చాపితే అందుతాది," అనింది.

పోయి చూస్తి. నిజమే, వంగి చెంబుతో ముంచుకోవచ్చు. అది మాదే, ఎవరూ వద్దనరు. ఆ పొద్దు నేను మూడుసార్లు స్నానం చేసినా. మూడోసారి తల తుడుచుకుంటా ఏడుపొచ్చింది. ఇన్నేండ్లు నా నడుము ఎవరికోసం ఇరిగింది రా దేవుడా అనిపించింది.

ఆ దినాలు నాకు బాగా గుర్తుండాయి. అంతకుముందు మా ఆయన పక్కన నేను నడిచింది లేదు. మా ఊర్లో మొగుడు ముందర పోతే పెండ్లాం పది అడుగులు వెనక పోవాల. ఇక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ లేరు. పొద్దున కాఫీ తాగి ఇద్దరం సముద్రం ఒడ్డున పక్కపక్కనే నడిచేవాళ్ళం. చలికాలమని నేను ఇంటి నుంచి మోసుకొచ్చిన దుప్పట్లు విప్పింది లేదు. ఒకదినం ఆయన పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి నీళ్ళలోకి దిగి, "రా మే, ఏం కాదు," అని చెయ్యి చాపినాడు. సిగ్గుతో చచ్చిపోతి. అయినా పోతి. అల వచ్చి నడుము దాకా తడిపేసింది. నోట్లో నీళ్ళు పోతే తూ తూ అని ఉమ్మి, "ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క గుక్క తాగేదానికి లేదు, ఏం సముద్రమో ఇది," అని తిడితి. మా ఆయన నడి నీళ్ళలో నిలబడి పడీ పడీ నవ్వినాడు. మా ఇంట్లో ఆయన అట్ల నవ్వగా నేను చూడలేదు.

ఆ పొద్దే ఒడ్డున కూర్చుని అడిగినాడు. "నీకెట్లుండాది మే ఈ ఊరు?"

చూడండి, అదీ అడగాల్సిన మాట. అప్పుడన్నా చెప్పొచ్చు కదా! "ఏముంది, కూరలో టెంకాయ, చారులో టెంకాయ, తలకూ టెంకాయనే. సంగటి మొగం చూసి ఎన్ని దినాలాయె. గుడ్డలు ఆరవు, ఉప్పు డబ్బాలోనే నీరు కారిపోతాది," అంటి. నా గుణమే అంత. నచ్చినదాన్నే తిడతాను. నచ్చనిదాని జోలికి పోను. మా ఆయనకు అది తెలుసనే అనుకుంటి. ఆయన "ఊ" అని ఇసుకలో పుల్లతో గీతలు గీసుకుంటా కూర్చున్నాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తా. వచ్చిన రెండోదినం నుంచే నా చెయ్యి ఊరుకోలేదు. చూరు నుంచి వాననీళ్ళు కారి నేలపాలవుతాంటే చూస్తా కూర్చునేదెట్ల? కిరసనాయిలు డబ్బాలు, అంచు పగిలిన కుండలు, కోళ్ళ మూకుడు, తాగి పారేసిన బొండాం చిప్పలు, ఏది దొరికితే అది చూరు కింద వరసగా పెడితి. వదిన చూసి తల పట్టుకునింది.

"ఏం పనే ఇది! నిలవ నీళ్ళలో దోమలు పుడతాయి, వాటితోనే చలిజ్వరం. ఇంటింటికీ తిరిగి నీళ్ళు పారబోయించేదే మీ అన్న పని. కాంపౌండరు ఇంట్లోనే ఇట్లుంటే ఆయన మొగం యాడ పెట్టుకోవాల?"

"సరేలే వదినా, తీసేస్తాలే," అంటి.

ఆమె చూస్తాండగా రెండు కుండలు ఒలకబోస్తి. మిగిలినవన్నీ ఆమె చర్చికి పోయినప్పుడు కట్టెల కొట్టు వెనక్కు చేర్చి, పైన కొబ్బరి తడికెలు కప్పితి. వాన రాగానే తడికెలు తీసేది, ఆగగానే కప్పేది. దోమలు నీళ్ళలో పుడతాయంటే నేను నమ్మలేదు. మా ఊర్లో నీళ్ళే లేవు, దోమలు లేవా? కాంపౌండరు పెండ్లాం కదా, పెద్ద డాక్టరమ్మ లెక్క మాట్లాడుతాంది అనుకుంటి. ఆ నీళ్ళతో నాకు ఏం పనీ లేదు. చెయ్యి చాపితే బాయి ఉండె. పొద్దున లేచి కొట్టు వెనక్కు పోయి నిండిన డబ్బాలు చూసుకుంటే కడుపు నిండినట్టుండేది, అంతే. మా ఆయన ఒకసారి చూసినాడు. "తీసెయ్ మే," అన్నాడు. తీస్తాలే అంటి. తీయలేదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన నాలుగో దినం దొర వచ్చినాడు. తోటలో జ్వరాలు ఎక్కువయినాయని ఇండ్లన్నీ చూసిపోతా, అట్లనే కొత్త అయివారినీ చూసి మాట చెప్పిపోదామని వచ్చినాడంట. వెంట ఆరోగ్యశాఖ ఇన్స్పెక్టరు ఒకాయన. మా ఆయన పంచె మీద కోటేసుకొని నిలబడినాడు. దొర నవ్వుతానే ఏవో రెండు మాటలు ఇంగ్లీషులో అడిగినాడు, మా ఆయన జవాబు చెప్పినాడు. వంటింటి తలుపు సందు నుంచి చూస్తా నేను మనసులో ప్రార్థన చేస్తాండా. ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టే ఉన్నాడు అనుకుంటాండా.

అంతలో ఇన్స్పెక్టరు కట్టెల కొట్టు వెనక్కు పోయినాడు. పోయి దొరను పిలిచినాడు. అందరం పోయినాము. చేతికర్రతో తడికె ఎత్తితే డబ్బా నిండా సన్న పురుగులు, పైకీ కిందికీ గిలగిల కొట్టుకుంటాండాయి. అన్ని డబ్బాల్లోనూ అంతే. నేనే ఎత్తి చూసుకునేదాన్ని, ఎప్పుడు పుట్టినాయో నాకే తెలియదు. అన్న మొగంలో నెత్తురు చుక్క లేదు. వదిన నా దిక్కు చూసింది.

ఇది ఎవరి పని అని దొర అడిగినాడు. ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట నాకు అర్థమయ్యింది. మా ఆయన ఒక అడుగు ముందుకేసి, ఎదమీద చెయ్యి పెట్టుకొని, నేనే అన్నాడు.

నేను మాట్లాడలేదు. వంతు కోసం జుట్లు పట్టిన దాన్ని, అత్తకు ఎదురు చెప్పిన దాన్ని, ఆ పొద్దు వదిన వెనక్కు జరిగి నిలబడితి. దొరను చూసి భయమో, వదినకు చెప్పిన అబద్ధం బయటపడతాదని సిగ్గో, ఇప్పటికీ చెప్పలేను. వదిన తెలుగులో, "నువ్వన్నా చెప్పవే," అని గొణిగింది. అప్పుడు కూడా చెప్పలేదు. దొర నవ్వు పోయింది. ఏదో అని, అన్న దిక్కు కూడా చూడకుండా పోయినాడు. ఇన్స్పెక్టరు మనుషులు డబ్బాలన్నీ కాలితో తన్ని ఒలకబోసినారు.

సాయంత్రం అన్న చెప్పినాడు. పిల్లలకు శుభ్రం నేర్పాల్సిన మనిషే ఇట్ల చేస్తే ఇంక బడెందుకని దొర అన్నాడంట. ఇంకొకర్ని చూసుకుంటాడంట. అన్న అన్నం సగంలోనే వదిలి లేచినాడు. వంటింట్లో వదిన నాకు వినపడేటట్టే అనింది. "పల్లె ఆడది, తెలియక పెట్టింది అనుంటే దొర నవ్వి ఊరుకునేవాడు. అయివారే పెట్టినాడంటే ఇంకేం మిగిలింది?"

ఆమె చెప్పేదాకా అది నాకు తట్టలేదు. నేనే పెట్టినా అని ఉంటే పని నిలబడేది. ఆ మాట అనుంటే ఆ బాయి నాదయ్యేది.

ఇంకో రెండు దినాలుండి బయలుదేరినాము. ఓడలో ఈసారి నాకు కడుపులో తిప్పలేదు. మా ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, సగం దోవ పోయినాక అడిగితి.

"నేను పెట్టినానని నీకు తెలుసు కదా. నీ మీద ఎందుకేసుకుంటివి?"

"దొర ముందర నిన్ను నిలబెట్టేదెందుకని నోటికొచ్చేసింది. నువ్వు యాడ ఊరుకుంటావు, వెంటనే అడ్డమొస్తావులే అనుకుంటి." కాళ్ళ కాడి దుప్పట్ల మూట పక్కకు జరిపి మళ్ళా అన్నాడు. "నువ్వు రాకపోతివి. అప్పుడు తెలిసింది నాకు, పని పోతే పోనీ అనుకుంటాండావని, నీకు ఆడ ఉండేది ఇష్టం లేదని. ఉసూరుమంటా ఉండేదెందుకు, పోనీలే అని నేనూ ఊరుకుంటి. లేకుంటే మర్సటి దినమే పోయి దొరను బతిమాలుకుందును. నాకు శానా నచ్చింది మే ఆ ఊరు."

"నాకూ నచ్చింది," అంటి.

ఆయన నా దిక్కు తిరిగి చూసినాడు. ఏమన్నా అంటాడనుకుంటి, తిడితే బాగుండుననుకుంటి. ధనుష్కోటి వచ్చిందని చుట్టూ జనం మూటలు నెత్తికెత్తుకుంటాండారు. ఆయన లేచి పెట్టె తీసుకున్నాడు, నేను దుప్పట్ల మూట ఎత్తుకుంటి.