ఇప్పుడే కడుక్కున్న చెయ్యి

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే బస్సులో ఆవిడ నా పక్కన కిటికీ వైపు కూర్చుని, రెండు అరచేతులూ బయటకు పెట్టి గాలికి చల్లార్చుకుంటోంది. పొద్దుటినుంచీ గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీసిందట. కొబ్బరినూనె రాసినా మంట తగ్గలేదంది.

అంతలో ఆవిడ ఒళ్లోని ఫోన్ మోగింది.

"కాస్త ఎత్తి స్పీకర్లో పెట్టండమ్మా. ఈ చేతులతో మొహం దగ్గర పెట్టుకోలేను," అంది. పెట్టాను.

"ఎక్కడున్నావ్? పిల్లాడు ఆకలని ఏడుస్తన్నాడు." ఆమె భర్త.

"పప్పూ అన్నం వండిపెట్టే వచ్చా కదయ్యా. నాలుగు ముద్దలు కలిపి పెట్టు. నా చేత్తో పెడితే వాడి నోరు మండిపోద్ది."

"నేను తిని ఇప్పుడే చెయ్యి కడుక్కున్నా. మళ్ళీ జిడ్డు చేసుకోమంటావా?"

ఆవిడ చేతులు లోపలికి తీసుకుని అరచేతులు ఊదుకుంది. "సరే, వస్తన్నా. స్పూన్‌తో పెడతాలే," అంది.

ముందు సీటులోని పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఆడాళ్ళు పనులకు పోతే పిల్లల గతి ఇంతేనమ్మా," అన్నాడు. ఒకరిద్దరు తలూపారు కూడా. ఆఫీసు నుంచి ఇంటికి పోతున్న నాకు రోత పుట్టింది. ఆవిడ మాత్రం ఎవరివైపూ చూడకుండా చేతులు మళ్ళీ కిటికీ బయట పెట్టుకుంది.

ఇది జరిగి ఏళ్ళయింది. ఇప్పటికీ మా ఆయన భోంచేసి లేచి, శుభ్రంగా చెయ్యి కడుక్కుని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటుంటే, నేను మొహం తిప్పేసుకుంటాను.