గుడి గోడలో రాతిపువ్వు

మొన్న ఆదివారం మా కోడలు నన్ను కారులో కొండవీడు కోట మీదికి తీసుకెళ్ళింది. ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, నేను కుచ్చిళ్ళు సర్దుకునేలోపే పైన దించేసింది. కొండ కింది ఊళ్ళోనే ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు కోట ఎక్కడమంటే పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరి మధ్యాహ్నానికి చేరడం. మన ఈడు వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. అంత సులువుగా చేరేసరికి, నిజం చెప్పొద్దూ, కాస్త కోపమే వచ్చింది. కానీ కోట లోపలి ఆ చిన్న రాతిగుడి కనపడగానే కోపం ఎటు పోయిందో, పెళ్ళయిన ఏడాది మా అత్తతో అక్కడ నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

మా పుట్టిల్లు మాచర్ల వైపు. అక్కడ ఇంటి గోడ నాపరాయే, దొడ్డి కంచె నాపరాయే, రాయంటే ఎవరికీ లెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన కోట చూపిస్తానని తీసుకెళ్ళి, మెట్లదారిలో పడివున్న రాయొకటి భుజాన పెట్టుకుని పైదాకా మోసి గుడి పక్కన దించితే, కొత్త పెళ్ళాం ముందు బలం చూపించుకుంటున్నాడని లోపల్లోపల నవ్వుకున్నాను. కొండెక్కేవాళ్ళు కోట నుంచి దారిలోకి రాలిన రాయి ఒకటి పైకి చేర్చాలన్నది ఆ ఊరి ఆచారమని ఆయన చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. తిరిగొచ్చేటప్పుడు గుడి గుమ్మం పక్క గడ్డిలో గుప్పెడంత రాయి, దాని మీద చెక్కిన పువ్వు చూసి ముచ్చటేసి, కొంగున కట్టుకుని తెచ్చేశాను. అందరూ పైకి మోస్తుంటే నేను కిందికి మోసుకొచ్చానన్నమాట, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మిరపకాయల కల్లంలో పట్టా గాలికి లేవకుండా ఆ రాయిని అంచు మీద పెట్టాను. మా అత్తకు అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, మనిషి నీడ తప్ప ఏమీ ఆనేది కాదు. అయినా కల్లంలో కూర్చుని, తాలుకాయలను వేళ్ళతో తడిమే ఏరి పక్కన పడేసేది. అలా ఏరుతూ ఏరుతూ రాయి మీద చెయ్యి వేసింది. వేళ్ళు పువ్వు రేకుల చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయాయి.

“ఏమే, ఇది గుడిది గదా. ఈడికెట్టా వచ్చింది?”

 కాపురానికొచ్చి ఆరు నెలలు కాలేదు. దేవుడి సొమ్ము ఎత్తుకొచ్చిన కోడలని పుట్టింటికి పంపేస్తారేమోనని ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. ఆమె ఒక్క మాట తిట్టలేదు. తాను తీసుకెళ్ళి పెట్టొస్తానని మా ఆయన అన్నా వినలేదు. తెచ్చిన చెయ్యే పెట్టాలి, చోటు తాను చూపించాలి అని పట్టుబట్టి, మర్నాడు పొద్దున్నే నా భుజం మీద చెయ్యేసి బయల్దేరింది. అడుగు జారితే లోయే. ఒక్కో మెట్టూ పైకి చెబుతూ, నా మూలాన ఈమెకేమన్నా అయితే ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళాలని దణ్ణాలు పెట్టుకుంటూ ఎక్కాను.

గుడిలో విగ్రహం లేదు. పగలే చీకటి, ఖాళీ పీఠం, దాని మీద ఎవరో వెలిగించిపోయిన ప్రమిద మసి. అత్త గుమ్మం పక్క గోడను పట్టుకుని, వరసగా చెక్కిన పువ్వులను తడుముతూ ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి, ఒక ఖాళీ దగ్గర ఆగి నా చెయ్యి అక్కడ పెట్టింది. నేను రాయిని ఆనించి నెట్టాను. కదలకుండా కూర్చుంది.  ఎన్ని వందల ఏళ్ళ కిందట ఏ చెయ్యి చెక్కిందో, చూపులేని మనిషి వేళ్ళకు దాని చోటు తెలియడమేమిటి, నాలాంటిదాని చేతి కింద అది సర్దుకోవడమేమిటి!

“రాజులు పోయారు, లోపలి సామీ పోయాడు. ఈ నాలుగు రాళ్ళన్నా పోకుండా చూసుకోవాల్సింది మనమేనే” అంది అత్త.

ఇప్పుడు గుడిని బాగుచేశారు, మంచిదే. నా కళ్ళకూ మసక కమ్మింది కనక, అత్తలాగే కళ్ళు మూసుకుని గోడను తడుముతూ పోతే ఆ పువ్వు చేతికి తగిలింది. చుట్టూ సిమెంటు, ఇక కదలదు. ఆమె పోయి చాలా ఏళ్ళయినా అక్కడ నిలబడి ఏడ్చేశాను. కోడలు కంగారుపడితే కథంతా చెప్పాను. వింటూ వింటూ తనూ ఆ రేకుల చుట్టూ వేలు తిప్పింది. కారెక్కబోతూ ఒకసారి వెనక్కి చూశాను. అన్ని కార్లలో అంతమంది వచ్చారు, ఒక్కరి చేతిలోనూ రాయి లేదు. నా చేతిలోనూ లేదు.